కడసారి చూపు దక్కని పైలట్ల ఊరు

ఒక పక్క సహారా ఎడారి. మరో పక్క అట్లాంటిక్ మహాసముద్రం. మధ్యలో ఇసుక మేటలు వేసే వీధులతో ఓ చిన్న ఊరు. మొరాకో దక్షిణ తీరంలో ఉన్న ఆ ఊరి పేరు టార్ఫాయా. ఒకప్పుడు దాన్నే కేప్ జూబీ అనేవారు. అక్కడి సముద్రపు ఒడ్డున దిమ్మె మీద ఓ పాతకాలపు విమానం బొమ్మ కనిపిస్తుంది. తిరిగిరాని స్నేహితుల కోసం ఆకాశం వైపు చూస్తూ గడిపిన పైలట్ల కథ అది.

టపా సంచులే ప్రాణం
ఫ్రాన్స్‌లోని టులూజ్ నుంచి ఆఫ్రికాలోని డకార్‌కు ఉత్తరాలు చేరవేయడానికి 1925లో విమానాల దారి పడింది. ఆ దారిలో ఓ మజిలీ కేప్ జూబీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రెగే-14 విమానాలే దిక్కు. ఒకే ఇంజిను, పైకప్పు లేని సీటు. రేడియో లేదు. ఇంజిను దారిలో మొరాయించడం మామూలే. ఎడారిలో దిగితే దాహం, లేదంటే అక్కడి తెగల తుపాకులు. అందుకే విమానాలు జంటగా వెళ్లేవి. ఒకటి దిగిపోతే రెండోది పక్కనే దిగి, తోటి పైలట్‌ను ఎక్కించుకుని రావాలి.

1926 నవంబరులో గుర్ప్ అనే పైలట్ విమానం ఇలాగే చెడిపోయింది. అతడి కోసం ఎరాబుల్, పింతాదో అనే ఇద్దరు పక్కనే దిగారు. ఆ ఇద్దరినీ అక్కడికక్కడే కాల్చి చంపారు. గాయపడిన గుర్ప్‌ను డబ్బు చెల్లించి విడిపించినా బతకలేదు. ఒకరి కోసం దిగి ఇద్దరు... చివరికి ముగ్గురూ పోయారు. అయినా జంటగా వెళ్లే పద్ధతి ఆగలేదు.

తలుపే రాతబల్ల
1927లో ఆ మజిలీ బాధ్యత ఇరవయ్యేడేళ్ల కుర్రాడికి అప్పగించారు. తర్వాతి రోజుల్లో ‘ద లిటిల్ ప్రిన్స్’ రాసి ప్రపంచాన్ని మెప్పించిన ఆంట్వాన్ డి సెయింట్ ఎగ్జుపెరీ అతడే. స్పెయిన్ కోట గోడను ఆనుకున్న చెక్క గది, గడ్డి పరుపు, రెండు పీపాల మీద వేసిన తలుపే రాతబల్ల. దారి తప్పిన పైలట్లను వెతికి తేవడం, తెగల పెద్దలతో మంతనాలాడి బందీలను విడిపించడం ఆయన పని.

‘సదరన్ మెయిల్’ నవల అక్కడే రాశాడు. అది 1929లో వెలువడింది. ఎడారిలో కూలి చనిపోయిన ఓ పైలట్ కథను కేప్ జూబీలో ఉన్న అతడి స్నేహితుడు చెబుతాడు. చివర్లో మనిషి పోయాడు, టపా మాత్రం భద్రంగా ఉందన్న కబురు వస్తుంది.

నాలుగేళ్ల లెక్క
మన దగ్గర ఇంట్లో మనిషి పోతే కడసారి చూపు కోసం ఎంత దూరం నుంచైనా పరుగెత్తుకొస్తారు. ఈ పైలట్లకు ఆ భాగ్యం తక్కువ. ఎక్కడ కూలిందో తెలియదు. ఎప్పుడు ఏడవాలో కూడా తెలియదు.

ఎగ్జుపెరీకి ప్రాణస్నేహితుడు గియోమే. 1930 జూన్‌లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ మంచుకొండల్లో అతడి విమానం దిగిపోయింది. ఎగ్జుపెరీ ఐదు రోజులు కొండల మీద తిరుగుతూ గాలించాడు. జాడ లేదు. అక్కడ కింద గియోమే మాత్రం నడుస్తూనే ఉన్నాడు. ఓ దశలో మంచులో పడిపోయి, ఇక చాలనుకున్నాడు. అప్పుడు భార్య గుర్తొచ్చింది. శవం దొరకకపోతే చనిపోయినట్టు చట్టం ఒప్పుకోవడానికి నాలుగేళ్లు పడుతుంది. అన్నాళ్లూ బీమా డబ్బు రాదు. కనీసం కనిపించే బండ మీదైనా పడదామని లేచాడు. ఆ లేవడమే అతణ్ని బతికించింది.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 1936 డిసెంబరు 7న మరో మిత్రుడు మెర్మోజ్ నలుగురు సహచరులతో అట్లాంటిక్ మీద మాయమయ్యాడు. 1940 నవంబరులో గియోమే విమానాన్ని మధ్యధరా సముద్రం మీద కూల్చేశారు. పైలట్ల దుఃఖం ఒక్కసారిగా రాదంటాడు ఎగ్జుపెరీ. దూరదూరంగా ఉండేవాళ్లు కాబట్టి ఎక్కడో ఉన్నాడులే అనిపిస్తుందట. ఆ నవ్వు ఇక వినపడదని మెల్లగా తెలిసొస్తుందట.

1944 జులై 31న ఆయన వంతు వచ్చింది. కోర్సికా నుంచి ఒంటరిగా ఎగిరి తిరిగి రాలేదు. 1998లో మార్సెయ్ తీరంలో ఓ జాలరి వలలో ఆయన పేరున్న వెండి కడియం పడింది. సముద్రంలో దొరికిన విమానం ముక్కలు ఆయనవేనని 2004లో తేలింది. అదే ఏడాది టార్ఫాయాలో ఆయన పేర మ్యూజియం వెలిసింది.

ఏం చూడొచ్చు?
మ్యూజియంలో ఆ టపా విమానాల రోజులను కళ్లకు కట్టే విశేషాలుంటాయి. నీళ్లలో నిలబడిన ‘కాసా డెల్ మార్’ 1880ల్లో స్కాట్లాండ్ వ్యాపారి మెకంజీ కట్టించినది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దాకా నడిచి వెళ్లొచ్చు. ఊరి బయట 131 గాలిమరలు 2014 నుంచి తిరుగుతున్నాయి. కాసాబ్లాంకా నుంచి లాయూన్‌కు విమానంలో వచ్చి, అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. టులూజ్ నుంచి పాత టపా దారిలో చిన్న విమానాలతో యాత్ర చేసే ఔత్సాహిక పైలట్లు ఇక్కడ ఆగుతుంటారు. ఆ దారిలో వెళ్లి తిరిగిరాని వందకు పైగా ఉద్యోగులను తలచుకుంటారు. తర్వాత మళ్లీ ఇంజిన్లు వేసుకుని దక్షిణానికి ఎగిరిపోతారు.