ఎండిన మడుగు దగ్గర అడవి గుర్రం

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని ఒక ఎండిన మడుగు దగ్గరకు తీసుకుపోతాను. అది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, మాంటెరే పట్టణానికి దగ్గరగా ఉన్నది. పేరు లగూనా సెకా. స్పానిష్ భాషలో ఆ మాటకు "ఎండిన మడుగు" అనే అర్థం. అక్కడి కొండల మధ్య మెలికలు తిరుగుతూ ఒక బాట పోతుంది. పొడుగు 3.6 కిలోమీటర్లు, మలుపులు 11. కాని అది ఏ ఊరికీ పోదు. బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది!

మరి అట్లాంటి బాట దేనికి? కార్లను వేగంగా నడపటానికి. 1950 నుంచి ఆ ప్రాంతంలో కార్ల పందేలు పెబుల్ బీచ్ అడవి రోడ్ల మీదనే జరిగేవి. 1956లో ఎర్నీ మెకాఫీ అనే పందెగాడి కారు చెట్టుకు కొట్టుకుని అతను మరణించాడు. చెట్ల మధ్య ఇరుకు రోడ్లు పందేలకు తగవని అందరికీ తెలిసివచ్చింది. మరుసటి ఏడు, 1957లో, ఈ బాట వేశారు.

మా మేనల్లుడు రవి శాన్ హోసేలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి ఫోర్డ్ మస్టాంగ్ అనే ఎర్ర కారు ఉన్నది. మస్టాంగ్ అంటే అమెరికా మైదానాలలో తిరిగే అడవి గుర్రం. ఇటువంటి వాటిని అక్కడ "మజిల్ కార్లు" అంటారు, అనగా కండలు తిరిగిన కార్లన్నమాట. రవి కారు ఇంజనుకు 400 గుర్రాలకు పైగా బలం. బరువు సుమారు 1,700 కిలోలు. రోజూ అతను ఆఫీసుకు పోయేది దానిలోనే.

లగూనా సెకాలో కొన్ని రోజులు మామూలు మనుషులు రుసుము చెల్లించి తమ సొంత కార్లను నడుపుకోవచ్చు. అది పందెం కాదు, బహుమతులుండవు. ముందున్న వాడు చేయి చూపితేనే వెనక వాడు దాటాలి. రవి అందుకు పేరు ఇచ్చాడు. నేను అక్కడ ఉన్నాను గనక వారం రోజులు మేమిద్దరం కారును సిద్ధం చేశాము.

మా చిన్నతనంలో కోటప్పకొండ తిరునాళ్ళకు పోయేముందు మా నాన్న బండి ఇరుసుకు కందెన పెట్టి, చక్రాలు ఊగుతున్నవేమో చూసేవాడు. ఇక్కడా అంతే. డిక్కీలోని స్టెప్నీ, జాకీ, సీట్ల కింది నీళ్ళసీసా అన్నీ తీసేశాము. ఎందుచేతనంటే, మలుపులో ఒక సీసా దొర్లి బ్రేకు పెడల్ కిందికి పోతే ప్రాణానికే ముప్పు. వీల్ నట్లు సరైన బిగువుకు బిగించాము. ఇంజను ఆయిల్ మార్చాము. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేశాము.

నా చేతిలో ఒక జాబితా ఉన్నది. నేను ఒక్కొక్కటే చదువుతుంటే, రవి "అయింది మామయ్యా" అనేవాడు. నేను గీత పెట్టేవాణ్ణి. "బ్రేక్ ఆయిల్?" అన్నాను. "నిండుగా ఉంది" అన్నాడు. గీత పెట్టేశాను.

ఆ రోజు తెల్లవారకముందే బయలుదేరాము. దారిలో గిల్‌రాయ్ వచ్చింది. వెల్లుల్లికి పేరుపడ్డ ఊరది. ఆ తరువాత సాలినాస్ లోయలో మైళ్ళ కొద్దీ కూరల తోటలు. ఇంచుమించు గంటన్నరలో చేరాము. అక్కడి తనిఖీదారులు టైర్లు, బెల్టు, హెల్మెట్ చూసి, మా కాగితం తీసుకుని, సరేనన్నారు. ఒక్కొక్క తడవ ఇరవై నిమిషాలు నడపాలి.

నేను కొండ ఎక్కి "కార్క్ స్క్రూ" అనే మలుపు దగ్గర నిలబడ్డాను. సీసా బిరడాను లాగే మెలికల సాధనం పేరు అది. అక్కడ బాట శిఖరం దాకా ఎక్కి, ఎడమకూ కుడికీ మెలిక తిరిగి, 137 మీటర్ల దూరంలోనే 18 మీటర్లు కిందికి పడిపోతుంది. అయిదంతస్తుల మేడ మీది నుంచి దిగినట్లే!

మొదటి తడవ చక్కగా సాగింది. రెండవ తడవలో ఎర్ర కారు రెండు నిమిషాలకొకసారి కనిపిస్తున్నది. నాలుగుసార్లు లెక్కపెట్టాను. అయిదవసారి ఎంతకూ రాలేదు. నా గుండె దడదడలాడింది. చివరకు కారు చేయి బయటికి చాచి, మెల్లగా, బాట అంచునే పాకుతూ వచ్చింది.

నేను కిందికి చేరేసరికి రవి ముఖం పాలిపోయి ఉన్నది. "కొండ ఎక్కుతూ బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది మామయ్యా! రెండు మూడుసార్లు తొక్కితే గాని పట్టలేదు. ఎగుడుబాట గనక బతికిపోయాను" అన్నాడు.

ఏమి జరిగిందో చెబుతాను, వినండి. పెడల్‌ను తొక్కితే ఆ ఒత్తిడిని గొట్టాలలోని బ్రేక్ ఆయిల్ చక్రాలకు అందిస్తుంది. ద్రవాలు దాదాపు నొక్కుడుపడవు; అదే దాని బలం. కాని ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లినట్లే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదు. అందులో నూటికి మూడు నాలుగు పాళ్ళు నీరు చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. ఇక వేడి సంగతి: వేగం రెండింతలైతే, కారును ఆపటంలో పుట్టే వేడి నాలుగింతలు. ఆఫీసు దారిలో చల్లగా ఉండే బ్రేకులు ఇక్కడ మసలిపోయాయి. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి. ఆవిరి నొక్కుడుపడుతుంది. అందుకే పెడల్ దిగిపోయింది.

ముప్పై ఏళ్ళు పాస్కల్ సూత్రం పాఠం చెప్పినవాణ్ణి నేను. "నిండుగా ఉందా" అని అడిగాను గాని, "ఎన్నాళ్ళదిరా" అని అడగలేదు. మూత తీసి చూడనూ లేదు. ఆ కాగితం మీద గీత నాది.

బ్రేకులు చల్లారాక, పక్క షెడ్డులోని ఒక పెద్దమనిషి మూత తీయని కొత్త సీసా ఇచ్చాడు. నేను సీట్లో కూర్చుని పెడల్ నొక్కిపట్టేవాణ్ణి. రవి చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, ఆయిల్ వదిలి, మళ్ళీ బిగించి, "వదలండి" అనేవాడు. టీ రంగులో పాత ఆయిల్ బయటికి వచ్చింది. నాలుగు చక్రాలకూ స్వచ్ఛమైన ఆయిల్ వచ్చేదాకా చేశాము. అప్పటికి ఆ రోజు చివరి తడవ కూడా ముగిసింది. రవి చెల్లించిన డబ్బులో సగం వృథా.

తిరుగుదారిలో గిల్‌రాయ్ దాకా ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు రవి, "వచ్చేసారి మీరు చదవండి మామయ్యా, నేను మూత తీసి చూపిస్తాను. చూశాకే గీత పెట్టండి" అన్నాడు.

పిల్లలూ! మీలో చాలామందికి సైకిళ్ళున్నాయి. రేపు బడికి బయలుదేరేముందు బ్రేకు తీగె ఎట్లా ఉన్నదో ఒక్కసారి వంగి చూడండి. "బాగానే ఉంది" అని మీ అన్నయ్య చెప్పినా సరే, మీ కళ్ళతోనే చూడండి.