కొల్లేటికోట జాతరలో మా విడిది

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దల మాట. ఆ చలి ఖాళీ చేసిన చోటులోకి ఎండ ఎంత తొందరగా వచ్చి కూర్చుంటుందో తెలుసుకోవాలంటే మాత్రం, ఫాల్గుణ మాసంలో కొల్లేటి నడిబొడ్డున రెండు రోజులు గడపాలి. కిందటేడు మేము గడిపాము.

మా అత్తగారి పుట్టిల్లు కైకలూరు పక్కనే ఒక పల్లె. ఏళ్ళ తరబడి తాడేపల్లిగూడెంలో మా దగ్గరే వుంటున్నా, ఆవిడ మనసు మాత్రం కొల్లేటి గట్టునే వుంటుంది. మా మనవరాలికి జబ్బుచేసి నెమ్మదించినప్పుడు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ సన్నిధిలో రెండు రాత్రులు నిద్ర చేస్తానని ఆవిడ మొక్కుకున్నారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. "కైకలూరులో మనవాళ్ళ ఇంట్లో దిగి, ఉదయమే వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేద్దామండీ" అన్నాను. "నిద్ర చేస్తానన్నది కైకలూరులో కాదు, అల్లుడుగారూ" అన్నారావిడ. ఆ పైన చెప్పడానికేముంది?

జాతర రోజుల్లో అక్కడ గది దొరకడమంటే మాటలు కాదు. ఈ సంగతి హైదరాబాదులో వున్న మా అబ్బాయికి తెలిసి, "మీకెందుకు నాన్నా, నేను పంపిస్తాను" అని ఒక గుడారం పంపించాడు. నైలానుది. విప్పితే గొడుగులా విచ్చుకుంటుంది. ముడిస్తే చంకలో పట్టేస్తుంది. దోమ దూరదు, చీమ దూరదు. ఇంటి వరండాలో వేసి చూసుకుని నేనూ మా ఆవిడా మురిసిపోయాము. ఆ దోమతోపాటు గాలి కూడా దూరదన్న సంగతి వరండాలో ఫాను కింద కూర్చున్న మాకు తట్టలేదు.

ఏలూరు దాకా రైల్లో వెళ్ళి, అక్కడ కైకలూరు బస్సెక్కాము. ఆ దారి కొల్లేటి మీదుగానే పోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ళు తెచ్చి పోసిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరవేస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా బస్సు కిటికీలోంచి చూస్తే చెరువులకు కొదవేమీ కనిపించదు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని చూపించమని పిల్లలు పేచీ పెడితే, తిరుగు ప్రయాణంలో చూద్దామని బుజ్జగించాము. కైకలూరు ఒకప్పుడు కృష్ణా జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరింది. మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ అది కృష్ణా జిల్లాయే.

కైకలూరులో దిగి ఆటోలో కొల్లేటికోట చేరేసరికి ఉదయం తొమ్మిదయింది. ఒకప్పుడు ఈ దీవికి పడవే గతి. ఇక్కడ గజపతుల కోట ఉండేదనీ, దాన్ని పట్టుకోవడానికి వచ్చిన సైన్యం చిగురుకోటలో విడిసి, సరస్సు నీరు సముద్రానికి పోయేలా ఉప్పుటేరు తవ్వించిందనీ చెప్పుకుంటారు. అంటే ఈ కొల్లేటి ఎండలో గుడారాలు వేసుకుని అవస్థ పడినవారిలో మేము మొదటివాళ్ళం కామన్నమాట!

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా సాగే జాతర అది. పొంగళ్ళ పొగ, తలనీలాలిచ్చిన నున్నటి గుండ్లు, జీళ్ళ దుకాణాలు, బూరలు, రంగులరాట్నం. కుటుంబాలకు కుటుంబాలే బుట్టలతో, బిందెలతో, కోళ్ళతో వచ్చి దిగుతున్నాయి. కనుచూపుమేర చెప్పుకోదగ్గ చెట్టు లేదు. నేలంతా ఎండి నెర్రెలు విచ్చిన నల్లరేగడి. దానికి అవతల కిక్కిస పొదలు, నీటి మెరుపు.

నేను ఒక మంచి చోటు ఎంచాను, అనుకున్నాను. ఒక పెద్ద దుకాణం వెనక, జనం తొక్కిడి లేని మూల. పైగా ఆ వేళకి అక్కడ నీడ పడుతున్నది. పది నిమిషాల్లో గుడారం విచ్చుకుంది. చుట్టుపక్కల పిల్లలు చోద్యంగా చూశారు. నేను మీసం దువ్వుకోలేదు గాని, దువ్వుకున్నంత పని చేశాను.

పదకొండు దాటేసరికి దుకాణం నీడ దుకాణం కిందికే వెళ్ళిపోయింది. పన్నెండింటికి గుడారంలో చెయ్యి పెడితే, ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. అయినా మా అత్తగారు లోపలే పడుకున్నారు. దర్శనం అయ్యేదాకా పచ్చి గంగ ముట్టనని పట్టుబట్టి, వరసలో రెండు గంటలు నిలబడి వచ్చారాయె. "కాస్త నడుం వాలుస్తాను" అన్నారు. మేమూ సరే అన్నాము. అదే మేము చేసిన తప్పు.

అరగంట తరవాత మా ఆవిడ లోపలికి వెళ్ళి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అన్నది. ఆ గొంతు విని నా గుండె జల్లుమంది. అత్తగారి ముఖం పాలిపోయి వుంది. ఒళ్ళంతా చెమట. తల తిరుగుతున్నదనీ, వాంతి వచ్చేలా వున్నదనీ అన్నారు. కాళ్ళ పిక్కలు పట్టుకుపోతున్నాయి.

మాకు కాళ్ళూ చేతులూ ఆడని ఆ సమయంలో, ఎదురు వరస పందిట్లోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. కొల్లేటి లంక మనిషి, అరవై దాటి వుంటాయి. గుడారం వంక ఒక్క చూపు చూసింది.

"ఏంటి బాబుగారూ, పెద్దావిణ్ణి సంచిలో పెట్టి మూతి కట్టేశారు! ముందు బయటికి తియ్యండి. మా పందిట్లోకి తీసుకురండి" అన్నది.

తీసుకువెళ్ళాము. నాలుగు సరుగుడు కర్రలు, పైన తాటాకులు, కింద వరిగడ్డి పరిచి దానిమీద తుంగచాప. అంతే ఆ పందిరి. కాని లోపలికి అడుగుపెట్టగానే ఎవరో ముఖంమీద చల్లటి చెయ్యి వేసినట్టు అనిపించింది. అత్తగారిని పడుకోబెట్టి, కాళ్ళ కింద ఎత్తు పెట్టి, చీర కుచ్చెళ్ళు వదులుచేసి, తడిగుడ్డ మెడకి, చంకలకి అద్దుతూ, ఆ పెద్దావిడ తాటాకు విసనకర్రతో విసరసాగింది. ఇంతలో నేను జాతరలో పెట్టిన వైద్య శిబిరానికి పరుగెత్తి నర్సుగారిని వెంటబెట్టుకుని వచ్చాను.

ఆవిడ నాడి చూసి, ఒంటి వేడి చూసి, "ఎండ దెబ్బకి ఇది తొలిమెట్టు. చల్లబరచడం మంచిపని చేశారు" అని, ఓఆర్ఎస్ పొట్లం కలిపి గుక్కెడు గుక్కెడుగా తాగించారు. ఆవిడ చెప్పిన మాట ప్రతి ఇంట్లోనూ గుర్తుంచుకోదగ్గది. మనిషి తెలివిగా వుండి, మాట సరిగా వున్నంతసేపు నీడ, గాలి, ఉప్పూ చక్కెర కలిసిన నీరు చాలావరకు నిలబెడతాయి. ఒళ్ళు నిప్పులా కాలుతున్నా, మాట తడబడినా, మగత కమ్మినా ఇక క్షణం ఆలస్యం చెయ్యరాదు. 108కి కబురు చేసి, ఆ బండి వచ్చేదాకా తడుపుతూ విసురుతూనే వుండాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్ళు పొయ్యరాదు.

గంటకి అత్తగారు లేచి కూర్చుని, మజ్జిగ అడిగారు. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

మధ్యాహ్నమంతా ఆ పందిట్లో కూర్చుని, అది ఎందుకు చల్లగా వున్నదో, నా గుడారం ఎందుకు కుంపటి అయిందో ఆ ఇంటివాళ్ళనే అడిగి తెలుసుకున్నాను. నైలాను గుడ్డ పలచన. ఎండకి అది వేడెక్కి, ఆ వేడిని లోపలివాళ్ళ నెత్తిన కుమ్మరిస్తుంది. కూడిన వేడిగాలి పోవడానికి పైన దారి చాలదు. తాటాకు కప్పులో అయితే ఆకుకీ ఆకుకీ మధ్య గాలి నిలుస్తుంది. పై ఆకు కాలినా కింది ఆకు కాలదు. పక్కలు తెరిచి వుంటాయి కనక వచ్చిన గాలి వచ్చినట్టే వెళుతుంది.

"నీడొక్కటే చాలదు బాబూ. గాలికి దోవ వుండాలి" అన్నది పెద్దావిడ.

ఆ మాటలో వున్న లెక్క నేను తరవాత ఆలోచించాను. మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. లీటరు నీటిని ముప్ఫై డిగ్రీల నుంచి మరిగించడానికి 70 కిలోకాలరీల వేడి పడితే, అదే నీరు ఒంటిమీద ఆవిరి కావడానికి సుమారు 580 పడుతుంది. అంత వేడినీ అది మన ఒంట్లోంచే లాక్కుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. అయితే గాలి కదలకపోతే చెమట ఆరదు. అందులోనూ కొల్లేరు వంటి తేమ నేలమీద అసలే ఆరదు.

రాజస్థానంలోని జైసల్మేరులో ఏటా మాఘ పున్నమికి ఎడారి ఉత్సవం జరుగుతుంది. ఇసుక తిన్నెలమీద గుడారాల్లో జనం విడిది చేస్తారు. అక్కడి గాలి పొడిగాలి. తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టుకుంటే పగలు కూడా చల్లగా వుంటుంది. అరబ్బు ఎడారుల్లో బిదూనీలు మేకవెంట్రుకలతో నేసిన నల్లటి గుడారాలు వేస్తారు. నలుపేమిటి, ఎండలో అనుకుంటాము. కాని ఆ నేత వదులుగా వుండి వేడిగాలిని పైకి వదిలేస్తుంది. పగలు పక్కలు చుట్టి పైకి కడతారు. వాన పడితే వెంట్రుకలు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి. ఎక్కడి మనిషి అక్కడి గాలిని చదువుకునే ఇల్లు కట్టుకున్నాడు. నేనొక్కణ్ణే దాన్ని పోస్టులో తెప్పించుకున్నాను!

సాయంకాలానికి ఆ ఇంటి మగవాళ్ళ సాయంతో మా విడిది మార్చేశాము. దుకాణం వెనక మూల వదిలి, నీటివైపు తెరిపి వున్న చోటు చూశాము. మరీ నీటి అంచున కాదు. అక్కడ నేల చెమ్మ, దోమలు. తాటాకులు చాలినన్ని దొరకలేదు గనక, ధాన్యంమీద కప్పే బరకాలు రెండు తెచ్చి, ఒకదానిమీద ఒకటి మూరెడు ఎడంగా కట్టారు. పై బరకం ఎండ కాస్తుంది, నడుమనున్న గాలి ఆ వేడిని పట్టుకుపోతుంది, కింది బరకం మనకి కప్పు అవుతుంది. ఒక పక్క కప్పు ఎత్తుగా పెట్టారు, వేడిగాలి పైకి పోవడానికి. పడమటి వైపు మాత్రం చాప కట్టి మూశారు. ఫాల్గుణంలో మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా ఆ వైపునుంచే లోపలికి వస్తుంది, వడగాలీ అటునుంచే. దక్షిణం, తూర్పు బార్లా తెరిచి వుంచారు. పొయ్యి గాలివాలుకి దూరంగా పెట్టించారు. తాటాకుకి చల్లదనం ఎంత సహజమో, నిప్పంటే మోజూ అంతే సహజం. పక్కన రెండు బిందెల నీళ్ళు ఎప్పుడూ వుండాలని పెద్దావిడ శాసనం.

తాగే నీళ్ళు మాత్రం కైకలూరునుంచి డబ్బాల్లో తెప్పించాము. చుట్టూ సరస్సు, చేతిలో నీళ్ళ డబ్బా! దాన్ని కూజాలోకి వంపి, తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే మూల పెడితే చల్లబడ్డాయి. మరునాడు అత్తగారిని ఎండెక్కక ముందే దర్శనానికి తీసుకువెళ్ళాము. పదకొండు నుంచి నాలుగు దాకా పందిరి దాటనివ్వలేదు. "ఉపవాసం వుండండి గాని, నీళ్ళు మానకండి. అమ్మవారు దాహం అడగదు" అని మా ఆవిడ తల్లికి నచ్చజెప్పింది. చిత్రంగా ఆవిడ వొప్పుకున్నారు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక దక్షిణంనుంచి పైరగాలి తిరిగింది. కిక్కిస పొదలు గుసగుసలాడాయి. దూరంగా గుడి దగ్గర డప్పులు, నీటిమీద వెన్నెల. మా అత్తగారూ ఆ పెద్దావిడా పక్కపక్కనే పడుకుని, పడవల్లో జాతరకి వచ్చిన రోజుల గురించి, అప్పటి చేపల గురించి మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ నిద్రపోయారు. మొక్కు తీరింది.

తెల్లవారి బయలుదేరేటప్పుడు పెద్దావిడ చేతిలో కొంత సొమ్ము పెట్టబోతే, కోప్పడింది. "పందిరికి అద్దె ఏంటి బాబూ, మళ్ళీ ఏడు రండి" అన్నది. పిల్లలకి ఇచ్చిన మాట ప్రకారం ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని చూశాము. కొమ్మల మీద పుల్లలతో కట్టిన గూళ్ళు, నాలుగు వైపులా గాలి. మా మనవడు వాటిని చూసి, "తాతయ్యా, వీటికి గుడారం వెయ్యడం నీకంటే బాగా వచ్చు" అన్నాడు. కాదనడానికి నా దగ్గర మాట లేదు.

నైలాను గుడారం ఇప్పుడు మా వరండాలోనే వుంది. దాన్ని వరండాలో విప్పితే పిల్లలు ఇల్లిల్లు ఆట ఆడుకుంటారు. దానికి తగిన చోటు అదే. ఈ ఫాల్గుణానికి మాత్రం నేను ముందుగానే రెండు మోపుల తాటాకుకి కబురు పెట్టాను.