లఘుత్వపు మూల్యం

ఇటాలియన్ భాషలో 'సూపర్‌లెజెరా' అంటే అత్యంత లఘువైనదని అర్థం. 2020లో డుకాటి సంస్థ సూపర్‌లెజెరా వి4 పేరిట 500 మోటార్‌సైకిళ్లను మాత్రమే, ఒక్కొక్కదానికి క్రమసంఖ్య నిచ్చి, ప్రకటించింది. ఫ్రేము, చక్రాలు సైతం కార్బన్ ఫైబర్‌తో చేసినవే. ద్రవాలు నింపక మునుపు బరువు 159 కిలోలు. ఇంజిన్ శక్తి 224 అశ్వశక్తి. అప్పటి ధర సుమారు లక్ష యూరోలు. ఈ వ్యయం సార్థకమా?

రేస్ ట్రాక్‌పై పరుగే ఇట్టి వాహనానికి స్వధర్మం. మలుపు సమీపించే వేళ బ్రేకు, దృష్టి, దేహభారం మూడూ ఏకమైనప్పుడు చోదకుని చిత్తం వర్తమానంలోనే నిలుస్తుంది. ఆ ఏకాగ్రతే అతడు నిజంగా కోరుకున్న ఫలం. అయితే అది అభ్యాసజనితం; క్రయలభ్యం కాదు. సామాన్య మోటార్‌సైకిల్‌పైనా సిద్ధిస్తుంది.

లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని రక్షించుకోవడం క్షేమం అన్నారు పెద్దలు. అరుదైన వాహనం విషయంలో యోగం సిద్ధించిన నాడే క్షేమచింత ఆరంభమవుతుంది. పడితే ఫ్రేము పగులుతుందేమో, తిరిగిన ప్రతి కిలోమీటరూ మారువిలువను తగ్గిస్తుందేమో అన్న శంక పుడుతుంది. చివరకు వాహనం అద్దాల గదిలో అలంకారమై మిగులుతుంది. యంత్రం నుంచి తొలగించిన భారం యజమాని మనస్సుపైకి చేరుతుంది.

అందువల్ల నేర్చుకునే దశలో ఉన్నవాడికి సామాన్య వాహనం, మంచి శిక్షణ, ట్రాక్‌పై గడిపే దినాలు, అరిగినప్పుడల్లా కొత్త టైర్లు శ్రేయోదాయకం. నైపుణ్యం పరిపక్వమై, గీత పడినా చలించక నడపగలవాడికి ఆ లక్ష యూరోలూ వ్యర్థం కావు. క్రమసంఖ్యను చూసుకొని మురిసేవాడికి మాత్రం దక్కేది అహంకార పోషణమే.