మళ్లీ పేరు చెప్పండి అంకుల్

షుగర్ అదుపు తప్పి, కాలికి ఇన్‌ఫెక్షన్ వచ్చి నాన్న నాలుగు రోజులు గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రిలో ఉన్నాడు. పగలు అమ్మ, రాత్రి ల్యాప్‌టాప్‌తో నేను.

మందు ఇచ్చే ప్రతిసారీ సిస్టర్ "మీ పేరు చెప్పండి అంకుల్" అనేది. "నిన్నట్నుంచీ నువ్వే కదమ్మా వస్తున్నావ్, మళ్లీ పేరేంటి?" అని నాన్న విసుగు. ఆమె నవ్వేసి, చేతి బ్యాండ్ మీద నంబరు కూడా సరిచూసుకునేది. రెండో రోజు తెలిసింది, అదే ఫ్లోర్‌లో నాన్న పేరే ఉన్న పేషెంట్ ఇంకొకాయన ఉన్నాడని. ఆ తర్వాత నాన్న అడక్కముందే ఇంటిపేరుతో సహా చెప్పేవాడు!

సరైన మనిషి, సరైన మందు, సరైన డోసు, సరైన టైము, నోటికా నరానికా అన్నది. నర్సింగ్‌లో మొదట నేర్పే ఐదు ఇవే. వినడానికి తేలికే. ఆమె సిరంజి నింపుతుంటే ఒకాయన బిల్లు గురించి, ఇంకొకావిడ ఏసీ గురించి అడుగుతూనే ఉన్నారు. ప్రొడక్షన్‌లో కోడ్ పెడుతుంటే మా టీమ్‌లో ఎవర్నీ కదిలించం. పైగా మాకు రోల్‌బ్యాక్ ఉంటుంది.

ఇన్సులిన్ సంగతి నాకు అక్కడే తెలిసింది. మన దగ్గర వయల్స్‌లో ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లు ఉంటాయి, పెన్ను కార్ట్రిడ్జ్‌లో 100. సిరంజీలూ వేరే: 40కి ఎర్ర మూత, 100కి ఆరెంజ్ మూత. 100 మందుని 40 సిరంజితో తీస్తే 10 అనుకున్నది 25 యూనిట్లు అవుతుంది. అందుకే నాన్న ఇన్సులిన్‌కి రెండో సిస్టర్ వచ్చి, సిరంజి లైటు కింద పెట్టి గీతలు చూసేది. చదవకుండా 'అప్రూవ్' కొట్టే కోడ్ రివ్యూలు చూసినవాణ్ణి, ఆశ్చర్యమేసింది.

మూడో రాత్రి భోజనం ట్రే రాలేదు. ఎనిమిదికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఆమె స్క్రీన్ మీద ఎర్రగా 'ఆలస్యం' అని మెరుస్తోంది. "తిండి కళ్లతో చూశాకే ఇంజెక్షన్" అని ఆపేసింది. కారణం టైప్ చేసి పెట్టింది. ట్రే 8:40కి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసిందీ మాలాంటివాళ్లే. ట్రే రాలేదన్న సంగతి దానికి తెలీదు.

అర్ధరాత్రి దాటాక రెండున్నరకి మళ్లీ వచ్చింది. నాన్న "బాగానే ఉన్నా, కాస్త చెమట, అంతే" అన్నాడు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 61. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదం. గ్లూకోజు నీళ్లు తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ గుచ్చింది: 84. డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆమె రాకపోతే నాన్న నిద్రలోనే ఉండేవాడు, పక్కనే నేనూ.

మందుల వల్ల జరిగే తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అంత పెద్ద మాట చివరికి ఎవరి చేతుల మీద నడుస్తుందో నేను ఆ రాత్రి చూశాను. ఆ చేతులకి జీతమెంతో అడగడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు.

డిశ్చార్జ్ రోజు అమ్మ చేత పెన్ను డయల్ రెండుసార్లు తిప్పించి, "పాత సిరంజీలు ఇంట్లో ఉన్నాయా ఆంటీ?" అని అడిగింది. ఒక డబ్బా ఉంది. పెన్ను మొరాయిస్తే చాలామంది వాటితోనే కార్ట్రిడ్జ్‌లోంచి మందు లాగేస్తారట. ముందు ఆ డబ్బా తీసేయమంది.