చక్కెర చీర

ధర్మవరంలో ఓణీల ఫంక్షన్‌కు పట్టుచీర కేకు చేసే మనిషికి కాస్త గుండెధైర్యం కావాలి. వచ్చే చుట్టాల్లో మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లుంటారు, అంచులు చూసి ధర చెప్పగలిగినవాళ్లుంటారు. వేరే ఊళ్లో అయితే "అబ్బ, అచ్చం చీరలా ఉందే" అని ఫోటో తీసుకుని పోతారు. ఇక్కడ కొవ్వొత్తి వెలిగించకముందే తీర్పు వస్తుంది. "ఏం మే, ఇంత పెద్దంచు పెట్టి కొంగుకి జరీ తక్కువేసినారే!" అని ఒక పెద్దమ్మ అననే అంటుంది. బేకరీ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడుతుంది.

చీర కేకులో చీరంతా ఫాండెంటే. పొడి చక్కెర, గ్లూకోజు, జిలటిన్, గ్లిసరిన్ కలిపి పిసికిన ముద్ద. (నీచు తినని ఇళ్లవాళ్లు జిలటిన్ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.) దాన్ని పలుచగా ఒత్తి కేకు మీద పరిస్తే దుప్పటి అవుతుంది గానీ చీర కాదు. కుచ్చిళ్లు నిలబడాలంటే ముద్దలో చిటికెడు సీఎంసీ పొడి కలపాలి, మడతల కింద స్ట్రాలో పుల్లలో దూర్చి ఆరనివ్వాలి, ఆరాక వాటిని మెల్లగా లాగేయాలి. మన ఎండలకు పలుచని ఫాండెంటు చూస్తుండగానే ఆరి పగుళ్లిస్తుంది. పోనీ అని ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసిన కాసేపటికి ఒళ్లంతా చెమటలు. కొత్త కోడలికి కూడా ఇన్ని జాగ్రత్తలు పడరు.

చక్కెరతో బొమ్మలు చేయడం ఈ వైపు కొత్తేమీ కాదు. అమరాపురం దాటి నాలుగడుగులు వేస్తే కర్ణాటక. అక్కడ సంక్రాంతికి ఎళ్లు బెల్లంతో (నువ్వులు, బెల్లంతో) పాటు చెక్క అచ్చుల్లో పోసిన చక్కెర బొమ్మలు ఇంటింటికీ పంచుతారు. కానీ చక్కెర చిలక చేయడం వేరు, చక్కెర చీర చేయడం వేరు. చిలకకు ముక్కూ తోకా ఉంటే సరిపోతుంది. బట్టకు తనదంటూ ఆకారం లేదు. దేని మీద పడితే దాని ఆకారమే దానిది. అందుకే చీర కేకు చేసేవాళ్లు చీర ఎలా ఉంటుందో కాదు, ఎలా జారుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. అంచు బరువుకి మడత ఎంత కిందికి దిగుతుంది, కొంగు ఎక్కడ విరుగుతుంది అన్నవి రోజూ చీర కట్టేవాళ్లు కూడా పట్టించుకోని సంగతులు.

రంగు మరో తంటా. ధర్మవరం చీరల్లో డబుల్ షేడ్ ఉంది చూడండి, పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కాబట్టి కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. కేకు మీద పడుగూ లేదు, పేకా లేదు. పనితనం తెలిసినవాళ్లు అడుగున నీలం పరిచి, మడతల్లో ఒక పక్కనే ఆకుపచ్చ మెరుపు పొడిని కుంచెతో అద్దుతారు. ఎదురుగా నీలంగా, పక్కకు జరిగితే నెమలికంఠంగా కనిపిస్తుంది.

ఇక జరీ. చీర కొనేవాళ్లు అసలు జరీనా, టెస్టెడ్ జరీనా అని అడుగుతారు. కేకు కొనేవాళ్లు కూడా ఆ బంగారు పొడి ఏమిటని అడగాలి. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే తినొచ్చని అర్థం కాదు, తినదగినదని విడిగా రాసి ఉండాలి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలకు వాంతులయ్యాయి. కేకు మీది రోజ్ గోల్డ్ పూతలో రాగి మోతాదు మించి ఉందని పరీక్షల్లో తేలింది.

బట్ట కాని దాంతో బట్టను చేసే సరదా ఈ నేలకు పాతదే. హిందూపురం పక్కన లేపాక్షిలో, 16వ శతాబ్దపు వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో రంగుల చీరలు కట్టిన ఆడవాళ్లున్నారు. అక్కడి లతామంటపం స్తంభాల మీద చెక్కిన లతలను నేతగాళ్లు చీర అంచుల్లోకి దించుకున్నారు. ధర్మవరం మండలంలోనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుకు సన్నసన్న రంధ్రాలు పొడిచి, వెనక దీపం పెడితే సీతమ్మ చీర మీద బుటాలు మెరిసేలా చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పైకప్పు మీద చీర గీతలతో తేలుతుంది, తోలు మీద వెలుతురుతో పలుకుతుంది, చక్కెరలో మడతతో నిలబడుతుంది.

వీటిలో ఏదీ ఎవర్నీ మోసం చేయదు. మోసం చేసే నకలు వేరే ఉంది. పట్టుచీరలతో పాటు కొన్ని రకాలను చేనేతకే కేటాయించేందుకు 1985లో చట్టం వచ్చింది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా మరమగ్గం మీద గబగబా నేసిన చీర చేనేత పేరు పెట్టుకుని పక్క అంగట్లో కూర్చుంటుంది. గుంటలో కాళ్లాడించే మనిషి రోజుల తరబడి చేసే పని ధర అలా తెగిపోతుంది. పట్టుచీరకున్న నకళ్లలో నాకు కేకు మీదే గౌరవం ఎక్కువ. అది చీరనని నమ్మించి డబ్బు తీసుకోదు. కత్తి దిగగానే లోపలి స్పాంజి చూపించి, నేను కేకునే అంటుంది.

అక్కడే దాని అసలు పరీక్ష కూడా. చీరను వెనక్కి తిప్పి నేత చూస్తాం, కేకును కోసి తిని చూస్తాం. ఫాండెంటు మందంగా పరిచిన కేకులో పిల్లలు ఆ తొక్కంతా ఒలిచి పేపర్ ప్లేటు అంచున పెట్టేస్తారు. పన్నెండు గంటలు కష్టపడి చేసిన కొంగు చెత్తబుట్ట పాలు. కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడు అంచు, బుటా, కొంగు గురించి అరగంట మాట్లాడితే మాట్లాడండి గానీ, ఫాండెంటు పలుచగా, లోపల కేకు మెత్తగా ఉండాలని మాత్రం గట్టిగా చెప్పండి. జరీ తక్కువైందన్న పెద్దమ్మ కూడా రెండో ముక్క అడిగితే, ఆ చీర బాగా కుదిరినట్టే.