కోట గారూ, బాబూ మోహన్ గారూ

నాన్నకు ఎక్కడికి బదిలీ అయినా మా సామానుతోపాటు ఆ ఇద్దరూ వచ్చేస్తారు. వసంత్ కుంజ్‌లోనూ అంతే. రాత్రి అన్నాలవేళ టీవీలో కోట గారు తంతారు, బాబూ మోహన్ గారు ఎగిరి పడతారు. మధ్యలో మేడ మీదుగా విమానం పోతే మాటలు వినపడవు. అయినా మా అక్కాచెల్లెళ్లకు అవన్నీ కంఠతా వచ్చు, నవ్వేస్తాం.

2025 జులై 13, ఆదివారం. కోట శ్రీనివాసరావు గారు పోయారు. వార్తల మధ్య ‘మామగారు’ సినిమా సీన్లు వేస్తుంటే మాకు నవ్వు ఆగలేదు. అదే సమయంలో అన్నయ్య బైకు గొడవ మళ్లీ ఎత్తాడు. కాలేజీలో అందరికీ ఉందట.

నాన్న టీవీ సౌండు తగ్గించారు.

“బాబూ మోహన్ గారి పెద్దబ్బాయి 2003లో, కోట గారి ఒక్కగానొక్క కొడుకు ప్రసాద్ 2010లో పోయారు. ఇద్దరూ బైకు ప్రమాదాల్లోనే.”

“ఆ తర్వాత కూడా కోట గారు నటించారా?” అంది చెల్లి.

“చాలా ఏళ్లు.”

ఆ పిల్లలు పోయారని మాకు అప్పటిదాకా తెలియదు. తెరమీద బాబూ మోహన్ గారు మళ్లీ పడ్డారు. ఈసారి నవ్వాలో వద్దో తోచలేదు.

అన్నయ్య బైకు వద్దనలేదు, కావాలనీ అనలేదు.

మొన్న మళ్లీ అదే సీను వచ్చింది. నవ్వాం. నాన్న మాత్రం బాల్కనీలో నిలబడి కింద గేటు వైపే చూస్తున్నారు. అన్నయ్య స్నేహితుడి బండి మీద మునీర్కా వెళ్లాడు, ఇంకా రాలేదు.