చెల్లు వ్రాసిన వైపు

నిన్న ప్రాతఃకాలమున పుంగనూరు నుండి మదనపల్లె పోవు బస్సులో మా ఎదురింటి అత్త, చేసంచిలో నుండి నాలుగు మడతలు పడిన ప్రోనోటొకటి తీసి నా చేతికిచ్చి, "ఎల్లుండి లోక్ అదాలత్ నాయనా, దీనికి కాలదోషం పట్టిందంటా ఉండారు, అయిదు వేలిస్తే సంతకం పెట్టేదా?" అని అడిగినది.

టమాటా అమ్మిన సొమ్ములో నుండి కుప్పములోని బంధువునకు 2022 జూన్‌లో ఇచ్చిన నలుబది వేలు.
మూడేండ్ల గడువు 2025 జూన్‌తోనే తీరెను గదా యని నేనును తలంచి, మాట రాక, కాగితమును వెనుకకు త్రిప్పితిని.

అచట నీలిసిరాతో రెండు వేల చెల్లు. 2024 నవంబరు. క్రింద బాకీదారుని వంకర సంతకము.

బస్సు దిగి, టీకొట్టు బల్లపై కూర్చుండి, 1963 నాటి కాలపరిమితి చట్టమును ఫోనులో వెదకి చదివితిని. గడువు తీరకమునుపే బాకీదారుడు కొంత చెల్లించి, దానిని స్వహస్తముతో వ్రాసియో సంతకము చేసియో యున్నచో, ఆనాటి నుండి మూడేండ్లు మరల మొదలగునని 19వ సెక్షను.
అనగా 2027 నవంబరు వరకు ఆ నోటు సజీవమే!

లోక్ అదాలత్‌లో రాజీపడి సంతకము చేసిన పిదప అప్పీలు లేదు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా న్యాయవాదిని ఇయ్యవలెనన్నదియు లోక్ అదాలత్‌లకు ఆధారమైన 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే. 15100కు ఫోను చేసిన చాలును. ఈ మాట ఆమెకు ఇన్నాళ్లు ఎవ్వరును చెప్పలేదన్న దుఃఖము నన్ను విడువకున్నది.

మీ ఇండ్లలోని పాత నోట్ల వెనుక ఏమి వ్రాసియున్నదో చూచి చెప్పుదురా?